తుమ్మెదలకు నేర్పిన అబద్ధం

మాంత్రికుడు భస్మనేత్రుడు విడిచిన శాపశరం యువరాజు మృగాంకుడి గుండెకు గురిపెట్టినది. కాని అది తగిలింది అతడి ప్రాణమిత్రుడు, మంత్రికుమారుడు కుముదుడి పాదానికి. యువరాజును పక్కకు నెట్టి తాను అడ్డంగా ఎగిరి దూకిన ఫలితం అది. బాణం గుచ్చుకున్న చోట రక్తపు చుక్కైనా రాలేదు. బొటనవేలు బూడిదరంగుకు తిరిగింది, చూస్తూండగానే గట్టిపడింది, నేలకు తగిలి టంగుమని మోగింది.

"రాయి!" అన్నాడు కుముదుడు, అది తన కాలు కానట్టు ఆశ్చర్యపోతూ.

మృగాంకుడు మారు మాట్లాడకుండా అతణ్ణి గుర్రం మీదికి ఎత్తుకుని కొండదారి పట్టాడు. వెనక భస్మనేత్రుడు ఉసిగొల్పిన పొగతోడేళ్ళు తరుముకొస్తున్నాయి. వాటికి ఎముకల్లేవు, కండల్లేవు, ఒళ్ళంతా పొగే. కోరలు మాత్రం ఉక్కువి. కత్తి దూసి నరికితే రెండుగా విడిపోయి, మళ్ళీ ఒకటై మీదికి దూకుతున్నాయి. లోయ అంచుకు వచ్చేసరికి తీగెల వంతెన తెగి వేలాడుతోంది. గుర్రం తటపటాయించింది. మృగాంకుడు దాని మెడ నిమిరి, డొక్కల్లో మడమలు తాటించాడు. గుర్రం గాలిలోకి లేచింది. ముందుకాళ్ళు అవతలి గట్టును అందుకున్నాయి, వెనకకాళ్ళు జారాయి, రాళ్ళు రాల్చుకుంటూ మళ్ళీ పట్టు చిక్కించుకున్నాయి. తోడేళ్ళు మాత్రం లోయలోంచి లేచిన ఈదురుగాలికి చెదిరి, మంచులో మంచైపోయాయి.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు మృగాంకుడు రొప్పుతూ.

"లేఖాద్రికి," అన్నాడు కుముదుడు. అప్పటికే చీలమండ రాయైంది. "శాపాలకు విరుగుడు రాసిన ఆకు ఈ భూమ్మీద ఉంటే అక్కడే ఉండాలి."

లేఖాద్రి తేనెరంగు రాతికొండ. పొద్దున్నే ఎండ సోకితే కొండ కొండంతా వెలిగించిన ప్రమిదలా ఉంటుంది. దాని నడుమన నోరు తెరిచిన గుహలో ఏనుగుల బారు నడిచిపోవచ్చు. కప్పులో గాలీ వానా తొలిచిన గవాక్షాలున్నాయి. వాటిలోంచి ఎండ పసుపుపచ్చని స్తంభాలై లోపలికి దిగుతుంది. నలభై రాజ్యాల పండితులు తరతరాలుగా రాసిన తాళపత్రాలన్నీ అక్కడ అరల మీద, పట్టుగుడ్డల్లో, వరసలు తీరి ఉంటాయని కుముదుడు విన్నాడు. తీరా లోపలికి వెళ్ళి చూస్తే అరలన్నీ కూలి ఉన్నాయి. కనుచూపు మేరా ఆకులు, ఇసుకతిన్నెల్లా పోగులు పడి ఉన్నాయి. తాడు తెగని గ్రంథం ఒక్కటీ లేదు.

"ఎవరది? ఆకుల మీద అడుగెయ్యకండి!" అన్న కేక వినిపించింది.

గోడ తడుముకుంటూ ఒక ముసలివాడు వచ్చాడు. జడలు కట్టిన నెరిసిన జుట్టు, నారచీర, కనుగుంటల్లో కళ్ళు లేవు. ఆయనే ఆ కొండకు పత్రపాలకుడు, మౌద్గల్యుడు. మృగాంకుడు చెప్పినదంతా విని, వంగి కుముదుడి కాలు పట్టి చూశాడు. రాయి పిక్క దాకా వచ్చింది. మనిషికి ఒళ్ళు కాలిపోతోంది.

"ఇది భస్మనేత్రుడి పనే," అన్నాడు ముసలాయన. "నా కళ్ళు తీసుకున్నదీ వాడే. సుడిగాలిని పిలిచి గ్రంథాల తాళ్ళన్నీ తెంపించాడు, ఏ ఆకు ఏ గ్రంథానిదో తెలియకుండా కలిపేశాడు. ఇన్ని ఆకుల్లో ఒక ఆకు దాచాలంటే దాన్ని తగలబెట్టక్కర్లేదు బాబూ, కలిపేస్తే చాలు. ఆ తరవాత మళ్ళీ ఎవరూ సర్దకుండా నా కళ్ళు తీసేశాడు."

"అయితే విరుగుడు దొరికే దారి లేదా స్వామీ?"

"ఉంది. నాకు కళ్ళు పోయాయి గాని మంత్రం పోలేదు." మౌద్గల్యుడు నోటి దగ్గర చేతులు దొప్పగా పెట్టి సన్నగా ఈల వేశాడు.

గుహ చీకటి మూలలనుంచి ఝుమ్మని నాదం లేచింది. నీలాల ముద్దలు విసిరినట్టు తుమ్మెదలు, వేలకు వేలు, ఎండస్తంభాల్లోకి వచ్చి తళతళలాడాయి.

"ఇవి తేనె తాగవు, అక్షరాలు తాగుతాయి," అన్నాడాయన. "ఆకు మీద వాలితే అందులో ఏ మాట ఎంతగా ఉందో వీటి నాలుకకు తెలిసిపోతుంది. అన్ని ఆకుల్లోనూ ఉండే మాటల్ని ఇవి లెక్కచెయ్యవు. ఉప్పు అన్ని కూరల్లోనూ ఉంటుంది, ఉప్పు రుచి చూసి కూరేదో చెప్పగలమా? ఇంగువ తగిలితే చెప్పగలం. అలాగన్నమాట. లోపల వైద్యానికీ, యుద్ధానికీ, జ్యోతిషానికీ, శిల్పానికీ, కావ్యానికీ వేరువేరు గదులున్నాయి. ఒక్కో గదిలో గుప్పెడు మచ్చు ఆకులు పెడితే చాలు. తుమ్మెదలు వాటిని రుచి చూసి, అలాంటి ఆకులన్నిటినీ ఆ గదికే మోసుకొస్తాయి. కాని మచ్చు ఏరడానికి కళ్ళున్నవాడు కావాలి, చదువుకున్నవాడు కావాలి. ఇన్నాళ్ళకు వచ్చావు నాయనా. నీ కళ్ళు నాకు ఒక్క పూట అరువియ్యి."

మృగాంకుడు ఆకుల గుట్టల వంక చూశాడు.

మరాళపురి యువరాజుకు చదవడం రాదు. ఆ సంగతి లోకంలో కుముదుడికి ఒక్కడికే తెలుసు. గురుకులంలో తక్కిన పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతుంటే మృగాంకుడు గోడ దూకి వేటకు పోయేవాడు. అతడి పాఠాలు కుముదుడే రాసి పెట్టేవాడు. విన్నది ఒక్కసారికే కంఠతా వచ్చే గుణం ఉండబట్టి నిండు సభలో రాజు పరీక్షించినప్పుడూ దొరికిపోలేదు. తరవాత నేర్చుకుందామంటే, పెద్దవాడై ఓనమాలు దిద్దడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఏటికేడు పెరిగిందే గాని తరగలేదు.

నాకు చదువు రాదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుహ ద్వారం దగ్గర గడ్డి పరుపు మీద కుముదుడు జ్వరం మైకంలో మూలుగుతున్నాడు. ఆకులు తీసుకెళ్ళి అతణ్ణి లేపి అడగవచ్చు. కాని అడిగితే ముసలాయన వింటాడు.

"ఏం బాబూ, మాట్లాడవు?"

"ఏమీ లేదు స్వామీ. ఇప్పుడే ఏరుతాను," అన్నాడు మృగాంకుడు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో. అవి నేర్పింది నేర్చుకుంటాయి. తప్పు నేర్పితే తప్పే నేర్చుకుంటాయి. అది తప్పని వాటికి ఎన్నటికీ తెలియదు."

మృగాంకుడు ఆకుల గుట్టల్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏ ఆకు చూసినా పిట్టలు తొక్కినట్టు గీతలే. చివరికి బొమ్మలున్న ఆకులు వెతికాడు. మొక్కా రోలూ గీసి ఉన్నవాటిని వైద్యం గదిలో పెట్టాడు. చక్రాలు గీసినవి జ్యోతిషమనుకున్నాడు. గుర్రాలున్నవి యుద్ధానికి చేర్చాడు. బొమ్మలు లేనివాటిని సగం శిల్పం గదికీ సగం కావ్యం గదికీ పంచేశాడు.

"అయిందా? ఏదీ, వైద్యం ఆకు ఒకటి చదివి వినిపించు," అన్నాడు మౌద్గల్యుడు. "ఒకరు చదవగా విని ఎన్నేళ్ళయిందో!"

మృగాంకుడు ఒక ఆకు చేతిలోకి తీసుకున్నాడు. ఆస్థాన వైద్యుడు తన తండ్రికి మందు నూరుతూ పాడుకునే పద్యం ఒకటి గుర్తుంది. శొంఠీ పిప్పలీ గుణాలు చెప్పే ఆ పద్యాన్ని, చూసి చదువుతున్నట్టు అక్కడక్కడ ఆగుతూ చదివాడు. ముసలాయన చేతులు జోడించి విన్నాడు. కళ్ళు లేని గుంటల్లోంచి నీళ్ళు కారాయి.

"చల్లగా ఉండు నాయనా," అన్నాడు.

ఆ దీవెన మృగాంకుడికి చెంపదెబ్బలా తగిలింది. అయినా ఆకును తిరిగి గదిలో పెట్టేశాడు.

తుమ్మెదలు పని మొదలుపెట్టాయి. ఒక్కో ఆకు చుట్టూ గుంపుగా మూగి, అంచులు పట్టి పైకి లేపుతున్నాయి. బంగారు చేపల బారులు ఈదినట్టు ఎండలో ఆకులు తేలుతూ గదుల్లోకి పోతున్నాయి. ఝుంకారానికి కొండ గోడలు తంబురాలై పలికాయి. ఎండ గుహ మధ్యకు జరిగేసరికి నేల మీద ఒక్క ఆకు లేదు. గదులు మాత్రం కప్పు దాకా నిండాయి.

మౌద్గల్యుడు వైద్యం గది గుమ్మంలో నిలబడి, "కాళ్ళు బిగుసుకుపోయినవాడికి!" అని మూడుసార్లు పలికాడు. లోపలినుంచి తుమ్మెదలు ఒక ఆకు మోసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాయి. ఆయన దాన్ని మృగాంకుడికి అందించబోయాడు.

"కుముదుడు చదువుతాడు స్వామీ," అన్నాడు మృగాంకుడు గబగబా. "వాడి ప్రాణం కోసం కదా, వాడి కళ్ళతోనే చూసుకోనివ్వండి."

కుముదుణ్ణి లేపి ఆకు అతడి ముఖం ముందు పట్టుకున్నాడు. కుముదుడు జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళు చికిలించి చదివాడు.

"'తంగేటిచెక్క, కరక్కాయ, పటిక సమపాళ్ళుగా నూరి, ముందుగా కాళ్ళ భాగమునకు దట్టముగా పట్టించవలెను. ఆరిన పిమ్మట ఇక చెడుట ఉండదు.' దీనికి ముందు ఆకు లేదు తాతా. ఏ రోగానికో చెప్పలేదు."

"వైద్యం గదిలోంచి వచ్చింది కదా. వైద్యం కాక ఇంకేమవుతుంది?" అన్నాడు ముసలాయన.

తంగేడు పొదలు కొండ నిండా ఉన్నాయి. కరక్కాయలూ పటికా ఆయన మూటలోనే దొరికాయి. మృగాంకుడు తన చేతులతో నూరాడు, తన చేతులతోనే మిత్రుడి మోకాలికి పట్టించాడు. లేపనం ఆరుతూనే కుముదుడు ఒక్క కేక పెట్టాడు. మెల్లమెల్లగా పాకుతున్న రాయి కట్టు తెంచుకున్నట్టు ఎగబాకింది. తొడలు, నడుము, పొట్ట వరసగా బిగిసి, కదిలిన కొండరాయిలా కరకరలాడాయి. పక్కటెముకల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏమైంది? ఏమైంది?" మౌద్గల్యుడు గాలిలో చేతులు చాచి తడుముతున్నాడు.

కుముదుడు ఎగశ్వాస పీలుస్తూ ఆకును మళ్ళీ చూశాడు. ఒక మూల తంగేటి మొక్క, పక్కన రోలు. వెనక వైపు తిప్పమన్నట్టు సైగ చేశాడు. అక్కడ చట్రానికి బిగదీసి కట్టిన పశువు తోలు బొమ్మ ఉంది. అది తోలు పదును చేసేవాళ్ళ ఆకు. కాళ్ళ భాగం అంటే తోలులో కాళ్ళ భాగం. మెత్తనిదాన్ని బిగించే మందు అది.

కుముదుడు తల తిప్పి మృగాంకుడి కళ్ళలోకి చూశాడు. ఆ మచ్చు ఎవరు ఏరారో, ఎలా ఏరారో అతడికి అర్థమైంది. చిన్నప్పటినుంచీ చూసిన ముఖం అది, అడగనక్కర్లేదు.

"తాతా," అన్నాడు మెల్లగా. "తప్పు నాదే. జ్వరం మైకంలో ఒక మాట తప్పు చదివాను."

"చదువుకున్నవాడివి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఇంత పరధ్యానమా!" ముసలాయన కసిరాడు. "ఒక్కసారికి రెండుసార్లు చూసుకోవద్దూ?"

"చూసుకోవలసింది," అన్నాడు కుముదుడు.

మృగాంకుడు ఊరుకున్నాడు. ఒక్క క్షణమే. కాని ఆ క్షణంలో, ఈసారికి కూడా గండం గడిచిందని తన మనసు ఊపిరి పీల్చుకోవడం అతడికి స్పష్టంగా తెలిసింది. రాయైపోతున్నవాడు చీవాట్లు తింటున్నాడు, తాను ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఒళ్ళంతా మంట పుట్టింది. తన చర్మం తనకే రోతగా అనిపించింది.

"వాడు తప్పు చదవలేదు!" అని అరిచాడు. "వాడు ఎప్పుడూ తప్పు చదవలేదు స్వామీ. నాకే చదవడం రాదు. మచ్చు ఆకులు బొమ్మలు చూసి ఏరాను. మీకు వినిపించిన పద్యం ఆ ఆకులోది కాదు. మీకు కళ్ళు లేవు గనుక తెలియదని..."



తుమ్మెదల చప్పుడు కూడా ఆగిపోయింది. మౌద్గల్యుడు గదుల వైపు ముఖం తిప్పాడు.

"ఎన్ని గదులకు ఇలా చేశావు?"

"అన్నిటికీ."

"అవి నన్ను నమ్మి నేర్చుకున్నాయి. నేను నిన్ను నమ్మాను." ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "చదువు లేకపోవడం తప్పు కాదు. నాలుగు ఆకులు ఆ పిల్లవాడి ముందు పెట్టి ఉంటే ఈపాటికి లేచి కూర్చునేవాడు. ఆ ద్వారం దాకా నడవడానికి నీకు అంత బరువైందా?"

మృగాంకుడు తల దించాడు.

"ఏం చేస్తున్నావు? తల వంచుకున్నావా?"

"అవును స్వామీ."

"ఎవరు చూడాలని? నాకు కనపడదుగా. తలెత్తు. పని ఉంది."

ఆయన మూటలోంచి సాంబ్రాణి తీసి నిప్పులో వేశాడు. ఆ ధూపం తగిలి తుమ్మెదలు నేర్చుకున్నదంతా మరిచాయి. గదుల్లోని ఆకులన్నీ మళ్ళీ గుహ నడిమికి జలపాతంలా కురిశాయి.

"మళ్ళీ మచ్చు ఏరేటంత వ్యవధి లేదు," అన్నాడు మౌద్గల్యుడు. "ఈసారి వాటికి ఏమీ నేర్పం. ఇది వైద్యం, ఇది శిల్పం అన్న పేర్లు మనం పెట్టుకున్నవి, ఆకులకేం తెలుసు? ఏ ఆకుకు ఏ ఆకు చుట్టమో అవే చూసుకుని కుప్పలు వేసుకుంటాయి. మరీ తక్కువ కుప్పలైతే అన్నీ కలిసిపోతాయి, మరీ ఎక్కువైతే ఏ ఆకుకు ఆ ఆకే మిగులుతుంది. వంద కుప్పలు వెయ్యమంటాను."

"పేర్లు లేని కుప్పల్లో మనకు కావలసింది ఏదో ఎలా తెలుస్తుంది?"

"అందుకు ఇతడు రాయాలి. కుముదా, చెయ్యి ఆడుతోందా?"

"కుడిచెయ్యి ఆడుతోంది తాతా."

"మందేమిటని అడక్కు. నీకేం జరిగిందో రాయి. నీ ఆకుకు ఏ కుప్ప చుట్టమో అవే చెబుతాయి."

మృగాంకుడు కొత్త తాటాకు మిత్రుడి చేతికింద ఆనించి పట్టుకున్నాడు. కుముదుడు ఘంటం అందుకున్నాడు. ఆకు మీద ఉక్కుమొన కిరకిరమంటూ నడిచింది. పాదం రాయైన సంగతి, ఎగబాకే చలి, ప్రాణమున్నా కదలలేకపోవడం, తన మాటల్లో తాను రాస్తున్నాడు. రాస్తూనే మాట్లాడాడు.

"నీకు అన్నీ చదివి పెట్టడం స్నేహమనుకున్నాను మృగాంకా. అది నీకు చేసిన మేలు కాదని ఇప్పుడు తోస్తోంది."

"నా తప్పు నువ్వు మొయ్యకు. మోసింది చాలు," అన్నాడు మృగాంకుడు. అతడి కన్నీళ్ళు ఆకు మీద పడుతుంటే కుముదుడు మణికట్టుతో తుడిచాడు.

"తడిస్తే అక్షరం చెడుతుంది," అన్నాడు చిన్నగా నవ్వి.

అవే అతడి చివరి మాటలు. రాయి మెడ దాటింది. పెదవులు నవ్వుతో సహా బిగిసిపోయాయి. భుజం మీదుగా దిగిన రాయి వేళ్ళను అందుకోవడంతో ఘంటం సగం అక్షరం దగ్గర ఆగింది. ముఖంలో కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి.

గుహలో అప్పటికి వంద కుప్పలు లేచాయి. మౌద్గల్యుడు కుముదుడి ఆకును పైకెత్తాడు. తుమ్మెదలు దాని మీద వాలి, గుక్క తిప్పుకుని, ఒక్కుమ్మడిగా లేచి ఒక మూలనున్న చిన్న కుప్ప మీద నల్లని గొడుగులా కమ్ముకున్నాయి. మృగాంకుడు పరుగెత్తాడు. ఆ కుప్పలోని ఆకుల్లో మందుమొక్కల బొమ్మలు లేవు, రోళ్ళు లేవు. రాతి పనివాళ్ళ ఉలులు, సుత్తెలు, పక్కన పాటల్లా పొట్టి పొట్టి వరసలు ఉన్నాయి. పైన ఉన్న ఆకు ఒక్కటి తుమ్మెదల బరువుకు ఊగుతోంది. ఆ ఆకును తెచ్చాడు.

తెచ్చి నిలబడిపోయాడు. చదివేదెవరు? ముసలాయనకు చూపు లేదు. ఘంటపు గీతలు మరీ సన్నం, ఆయన వేళ్ళకు అందవు. కుముదుడికి నోరు లేదు. కళ్ళున్నదీ నోరున్నదీ తనకే.

"స్వామీ, మీ అరచెయ్యి ఇటివ్వండి," అన్నాడు మృగాంకుడు. "అక్షరాలు నాకు తెలియవు. కాని వాటి ఆకారం నా వేలితో మీ చేతిలో గీయగలను. మీరు చెప్పండి."

ముసలాయన చెయ్యి చాచాడు. మృగాంకుడు వేలితో మొదటి అక్షరం గీశాడు. ఆయన నుదురు ముడిపడింది. రెండోది గీశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బాబూ, ఆకు తలకిందులుగా పట్టుకున్నావు."

మృగాంకుడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. కుముదుడి వంక చూశాడు. ఆ కళ్ళలో ఎగతాళి లేదు, తొందర ఉంది. ఆకు తిప్పి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"శి," అన్నాడు ముసలాయన. "ల. శిల! తరవాత? ...క. రు. గు."

"క, రు, గు," అని తనూ పలుకుతూ గీశాడు మృగాంకుడు. వేలు చెమట పట్టి జారుతోంది. ఒక సున్నా పెట్టడం మరిచిపోతే మాట అర్థం మారిపోయింది. మళ్ళీ గీశాడు. నడుము నొప్పి పుట్టింది, కళ్ళు మసకబారాయి. ఒక్కో మాట కొండరాయి దొర్లించినట్టు దొర్లింది. అలా దొర్లించగా దొర్లించగా పాట రూపు కట్టింది.

"శిల కరుగు నీరు శాపమిచ్చినవాని ముంగిట నల్లకొలనిలో నున్నది. కన్ను మూయకమునుపే చల్లిన కాలు కదలును. అయితే ఆ నీరు ముంచువాడు, ముంచుటకు ముందు..."

"ముందు?"

"ఈ పక్క అయిపోయింది స్వామీ. రెండో పక్క తిప్పుతున్నాను."

అప్పుడే గవాక్షంలో ఎండ ఆరిపోయింది. పొగతోడేళ్ళు ఓడిన కబురు భస్మనేత్రుడికి అందినట్టుంది. అతడి వాహనమైన రాబందు, రథమంత ఒళ్ళు, కొడవళ్ళలాంటి గోళ్ళు, కప్పు రాళ్ళు విరుచుకుని లోపలికి దిగింది. రెక్కల విసురుకు వంద కుప్పలూ లేచిపోయాయి. తుమ్మెదలు గోడలకు కొట్టుకున్నాయి. మౌద్గల్యుడు వెల్లకిలా పడ్డాడు. రాబందు మృగాంకుడి చేతిలోని ఆకును ముక్కుతో లాక్కుని గిరుక్కున పైకి మళ్ళింది.

మృగాంకుడు ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు. గవాక్షపు అంచు భుజాన్ని చీరేసింది. కొండ కిందికి జారిపోయింది.

"బాబూ!" అన్న ముసలాయన కేక ఒక్కసారి వినిపించి ఆగిపోయింది.

మబ్బుల్లో రాబందు అతణ్ణి విదిలించింది, బండలకేసి కొట్టబోయింది. మృగాంకుడు కాలు మీదుగా పొట్ట ఈకలు పట్టుకుని పైకి పాకాడు. మెడ దగ్గరికి చేరి మొలలోని బాకు దూసి ముక్కు కింద పొడిచాడు. రాబందు కీచుమని నోరు తెరిచింది. జారిన ఆకును పళ్ళతో అందుకున్నాడు.

కింద నల్లని కోట కనిపించింది. బురుజుల మీద భస్మనేత్రుడి భటులు వేళ్ళు చూపిస్తూ పరుగులు పెడుతున్నారు. ముంగిట కాటుక కరగబోసినట్టు నల్లకొలను. దాని గట్టు పొడుగునా రాతిమనుషులు, కొందరు నీటిమీదికి వంగి, కొందరు దోసిలి పట్టి, నీళ్ళు ముంచబోతూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే శిలలై నిలిచారు. ముంచడానికి ముందు ఏం చేయాలో వాళ్ళెవరికీ తెలియలేదు. తెలిపే మాట మృగాంకుడి పళ్ళ మధ్య ఉంది.

ఒక చేత్తో రాబందు మెడ కరుచుకుని, రెండో చేత్తో ఆకు తీసి కళ్ళ ముందు పట్టుకున్నాడు. తలకిందులుగా లేదని ఒకసారి చూసుకున్నాడు. వరసలకు వరసలు అక్షరాలు. ఎక్కువ భాగం పిట్టల అడుగులే. నడుమ నడుమ, జనంలో తెలిసిన ముఖాల్లా, కొన్ని కనిపించాయి. ఒక శి. ఒక క. అల్లక్కడ ఒక రు. అందులో ఏదీ ఇంకొకదాని పక్కన లేదు.

లేఖాద్రి మీద మిత్రుడి కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయో, మూతపడ్డాయో. సిగ్గుతో ముఖం మండుతుంటే, గాలి హోరులో, చూసేవాళ్ళు ఎవరూ లేని ఆకాశంలో, మరాళపురి యువరాజు మొదటి వరస మొదటి అక్షరం మీద వేలు పెట్టి, అది ఇందాక 'నీరు'లో గీసినదేనని పోల్చుకుని గట్టిగా పలికాడు.

"నీ..."

రాబందు రెక్కలు ముడిచి కొలను మీదికి దూకింది.